పులిహోరతో సహా తూకం

మనిషి గాల్లో ఎగరడం నేర్చుకున్న మర్నాడే, ఎవర్ని ఎగరనివ్వకూడదో తేల్చడానికి ఒక కాటా తెచ్చి పెట్టుకున్నాడు.

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య లండన్ నుంచి విమానాలు నడిపిన 'బ్రిటానియా అండ్ బాగ్దాద్ ఎయిర్‌వేస్' వారు పెట్టెతో పాటు మనిషినీ తూచేవారు. కంపెనీ ఎప్పుడో మూతపడింది. కాటా మాత్రం ఒక మ్యూజియంలో కొలువు తీరింది. ఆదివారాలు అప్పటి నిబంధనలతోనే, అప్పటి రెండు సీట్ల విమానంలో ఒక ప్రయాణికుణ్ణి తిప్పి తెస్తారు.

లండన్ శివారు ఇల్ఫర్డ్‌లో ఉండే ఆదిలక్ష్మికి ఆ సీటు దొరకడానికి ఏడాది పట్టింది. (ఇక్కడి జీపీ డాక్టరు అపాయింట్‌మెంట్‌తో పోలిస్తే త్వరగానే.) యాభయ్యో పుట్టినరోజున తన ఇంటిని పైనుంచి చూసుకోవాలని ఆమె కోరిక. గాల్లో ఆకలేస్తే ఎలాగని సంచిలో ఆరుగురికి సరిపడా పులిహోర డబ్బా పెట్టుకుంది.

తూకాధికారి హెరాల్డ్ గారు నీలం టోపీ సర్దుకుని ముల్లు చూశారు. "సారీ మేడమ్, ఒక కిలో ఎక్కువ."

ఆదిలక్ష్మి కంగారు పడలేదు. ఇండియా వెళ్ళేటప్పుడల్లా పెట్టెలోని బరువును కోటు జేబుల్లోకి మళ్ళించడంలో ఆమెది అందె వేసిన చేయి. డబ్బా తీసి జేబులో దోపుకుని మళ్ళీ కాటా ఎక్కింది. ముల్లు కదల్లేదు.

"మమ్, ఇట్స్ వెయింగ్ యూ యాజ్ వెల్," అంది కూతురు శ్రీజ, ఫోన్లోంచి తలెత్తకుండా.

"నువ్వుండవే, ప్రతిసారీ పనిచేసేదేగా!" అని మూలకు వెళ్ళి సగం పులిహోర తినేసి వచ్చింది. ముల్లు కదల్లేదు.

"మిగతాది నువ్వు తిను."

"నో వే! కార్లో ఆల్రెడీ టూ ప్లేట్స్!"

తూకం హాల్లో సామాను చేతులు మారకూడదని నిబంధన. (కడుపులు మారడంపై నిబంధన మౌనం వహించింది.) పారేద్దామంటే అన్నమాయె.

"హెరాల్డ్ గారూ, ప్లీజ్, కొంచెం టేస్ట్ చూడండి."

హెరాల్డ్ గారు మర్యాదస్థులు. కొంచెం తిన్నారు. ఇంకొంచెం తిన్నారు. చివరికి డబ్బా ఊడ్చేశారు. ముల్లు దిగింది. ఎగరడానికి అర్హురాలని చీటీ మీద స్టాంపు పడింది. ఆదిలక్ష్మికి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

హెరాల్డ్ గారు నీలం టోపీ తీసి తోలు టోపీ పెట్టుకున్నారు. పైలట్ కూడా ఆయనే. (సిబ్బంది కొరత.) నిబంధన ప్రకారం తనూ కాటా ఎక్కారు. మళ్ళీ నీలం టోపీ పెట్టుకుని ముల్లు చూశారు.

"సారీ, కెప్టెన్. ఒక కిలో ఎక్కువ," అన్నారు తనతో తనే, ఎంతో గౌరవంగా.

కెప్టెన్ అప్పీలు చేసుకున్నారు. అప్పీళ్ళ సంఘంలో ముగ్గురు సభ్యులు. మూడు టోపీలూ ఆయనవే. అప్పీలు ఏకగ్రీవంగా తిరస్కరించారు.

ఆదిలక్ష్మి స్టాంపు వేసిన చీటీతో, ఖాళీ డబ్బాతో కారెక్కింది. మళ్ళీ వంతు వచ్చే ఏడాది. చీటీ ఆ ఒక్క రోజుకే చెల్లుతుంది.