పచ్చరంగు పూసిన ఎర్త్ బోల్టు

మానవజాతి విద్యుత్తును జయించింది. ఆ శుభవార్త మా సబ్బుల ఫ్యాక్టరీకి ఈ ఉదయమే అందింది. ప్యాకింగ్ యంత్రం మీది టచ్ ప్యానెల్ సంపూర్ణ సురక్షితమని భద్రతా విభాగం సర్టిఫికెట్ ఇచ్చింది. సరిగ్గా ఆ క్షణంలోనే మావారు ఆ ప్యానెల్ ఇనుప అంచు మీద చెయ్యి ఆనించి "అబ్బా!" అన్నారు. (దాన్ని హర్షధ్వానంగా స్వీకరించారు.)

ఆ యంత్రానికి ఆపరేటరు మావారే. నేను పక్కగదిలో సబ్బుల నాణ్యత చూస్తాను. మాకు పెళ్లయి నెల కాలేదు. అద్దాల కిటికీలోంచి రోజంతా ఆయన కనిపిస్తూ ఉంటే, పైగా జీతం కూడా ఇస్తున్నారంటే నాకింకా నమ్మబుద్ధి కాదు. ఆ చేతులు క్షేమంగా ఉండాలని కోరుకోవడంలో నా స్వార్థం ఉంది, ఒప్పుకుంటాను.

"ఏమ్మా కొత్త పెళ్లికూతురా," అంది లేబుళ్లు అంటించే అక్క, "మీ ఆయన ముట్టుకుంటే చాలు జివ్వుమంటోంది. ఇంట్లో కూడా ఇంతేనా?"

"ఇంట్లో ఎర్తింగ్ ఉందక్కా," అన్నాను.

యంత్రంలో కరెంటు లీకైతే అది మనిషి ఒంట్లోంచి పోకూడదు. అందుకే ప్యానెల్ నుంచి ఒక పచ్చతీగ వెళ్లి, నేలలోకి దిగే రాగి పట్టీకి బోల్టుతో బిగిసి ఉంటుంది. లోహానికి లోహం తగలాలి, మధ్యలో రంగు పొర కూడా అడ్డు రాకూడదు. ఇది నేను బీఎస్సీలో చదివాను. మా ఫ్యాక్టరీ ఇలాంటి పాతకాలపు సిద్ధాంతాలను ఎప్పుడో దాటిపోయింది. ఇక్కడ తనిఖీకి ముందు పట్టీకీ, తీగ కొసకీ, బోల్టుకీ విడివిడిగా చక్కటి పచ్చరంగు పూసి, ఆరాక బిగిస్తారు. తర్వాత మెరుపు పర్యవేక్షకుడనే ఒక అధికారి వస్తారు. బోల్టులో ఆయన మీసం ఆయనకు కనిపిస్తే పాస్. మీటరు పెట్టరు. పెడితే రంగు గీసుకుపోతుంది.

అలాగే ప్యానెల్ సిగ్నల్ తీగనూ మోటారు తీగనూ చూడముచ్చటగా ఉంటుందని ఒకే కట్టగా కట్టారు. మోటారు తీగలోని అలజడి సిగ్నల్ తీగలోకి దూరి, తెర అప్పుడప్పుడూ తనంతట తానే 'స్టార్ట్' నొక్కుకుంటుంది. (దీన్నే ఆటోమేషన్ అంటారు.) కరెంటు ఆపకుండానే తెరను తడిగుడ్డతో తుడవాలన్నది మరో నియమం. ఆపితే తెర ఆరిపోయి, దాని మెరుపు పర్యవేక్షకుడికి కనిపించదు.

నేను భద్రతాధికారి దగ్గరికి వెళ్లాను.

"సార్, ప్యానెల్ షాక్ కొడుతోంది."

"చూడమ్మా, షాక్ అనేది అనుభవం. సర్టిఫికెట్ అనేది ఆధారం. అనుభవాన్ని ఫైల్లో ఎలా పెడతాం చెప్పు?"

"ఆయనకేమైనా అయితే?"

"అప్పుడు ఆధారం అవుతుంది. అప్పుడే రా, చూద్దాం."

భోజన విరామంలో మావారు మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, బోల్టు విప్పారు. పెళ్లికి ఎవరో ఇచ్చిన కూరగాయల కత్తితో నేను రంగంతా గీకాను. లోపలి రాగి తళతళలాడింది. ఆయన బోల్టు గట్టిగా బిగించి, మీటరుతో చూసి, కరెంటు వేసి, చెయ్యి ఆనించారు.

"ఏమైందండీ?"

"ఏమీ కాలేదోయ్!"

పెళ్లయ్యాక ఆయన నాతో అన్న మాటల్లో ఇంత తియ్యనిది మరొకటి లేదు.

సాయంత్రానికి రంగు నష్ట విచారణ సంఘం ఏర్పడింది. భద్రతాధికారి బోల్టు ముందు మోకరిల్లారు.

"అయ్యో, అయ్యో! ఎవరమ్మా ఇంత ఘోరం చేసింది?"

"నేనే సార్. ఇప్పుడు షాక్ రావట్లేదు."

"రాకపోతే నాకెందుకు? సర్టిఫికెట్ ఇచ్చింది పచ్చబోల్టుకి. ఇదేమో బోసిబోల్టు. నిబంధనల ప్రకారం ఈ ప్యానెల్ ఇప్పుడు ప్రమాదకరం."

మావారు ప్యానెల్ మీద అరచెయ్యి పెట్టి చూపించారు. అధికారి గబుక్కున కళ్లు మూసుకున్నారు. (చూస్తే నివేదిక రాయాలి.)

రేపటి కార్యక్రమాన్ని వెంటనే ప్రకటించారు. పొద్దున్నే బోల్టు విప్పి, అన్నిటికీ మళ్లీ పచ్చరంగు పూసి, ఆరాక బిగిస్తారు. షిఫ్టు మొదలవగానే మావారు యథావిధిగా ప్యానెల్ మీద చెయ్యి వేస్తారు. యాజమాన్యం ఈసారి ఏ నిర్లక్ష్యానికీ తావివ్వదలచుకోలేదు. 'ముట్టుకోరాదు' అనే పెద్ద ఎర్రబోర్డు కూడా తెప్పించింది. దాన్ని బోల్టుకు తగిలిస్తారు.