ఐడియేట్ చేయండి, గడియ మాత్రం అడక్కండి!

ఆలోచించడం అనాగరికం! ఇన్నాళ్ళూ ఆ పని చేస్తూ వచ్చినవాళ్ళు దయచేసి ఇవాళ్టి నుంచి మానేయండి. ఆలోచిస్తే తలనొప్పి వస్తుంది, జుట్టు ఊడుతుంది. పైగా ఆలోచించాక ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం అదే.

దానికి బదులు ఐడియేట్ చేయండి!

ఈ ఇంగ్లీషు మాట తెలియనివాళ్ళు సిగ్గుపడనక్కర్లేదు. మొన్నమొన్నటిదాకా నాకూ తెలియదు. ఐడియాలు పుట్టించడం అని అర్థమట. పుట్టించడం వరకే. పెంచి పెద్దచేసే పూచీ మనది కాదు. ఇంత సుఖమైన కాన్పు ఎక్కడైనా ఉందా?

నేను పనిచేసేది తలుపులకు గడియలు, గొళ్ళాలు, తాళాలు తయారుచేసే కంపెనీలో. కస్టమర్ల ఫిర్యాదులకు జవాబులు చెప్పడం నా ఉద్యోగం. పూర్వం ఆఫీసులో ఏదన్నా సమస్య వస్తే మేనేజరుగారు "ఏం చేద్దాం?" అనేవారు. ఎవరో ఒకరు "ఇలా చేద్దాం" అనేవారు. భోజనాల వేళకి ఆ పని అయిపోయేది. ఎంత మోటుగా బతికామో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ మోటుతనం వదిలించడానికి కోటు వేసుకున్న ట్రైనర్ ఒకాయన వచ్చారు. ఎండలు మండిపోతున్నా కోటు విప్పలేదు, అదీ పట్టుదలంటే! మమ్మల్నందర్నీ నిలబెట్టి, ఈ మాటని ఇంగ్లీషు వాక్యాల్లో ఎలా వాడాలో నేర్పించారు. "లెట్ అజ్ ఐడియేట్" అని కోరస్‌గా అన్నాం. "వీ ఆర్ ఐడియేటింగ్" అన్నాం. పొరపాటున కూడా "ఐ" అనకూడదట. రేపు లెక్క తేల్చమంటే దొరికిపోతాం. అదే "వీ" అన్నామనుకోండి, ఎవరి పీక పట్టుకుంటారు?

డిస్పాచ్ చూసే పెద్దాయన్ని మేమంతా బాబాయ్ అంటాం. ఆయన ఉత్సాహంగా లేచి "వీ ఐడియేటెడ్ అండ్ రిపేర్డ్ ది ఫ్యాన్" అన్నాడు. ట్రైనర్ మొహం ఆముదం తాగినట్టయింది.

"వాక్యం ఐడియేటెడ్ దగ్గర ఆగిపోవాలండీ. రిపేర్లూ గట్రా తగిలిస్తే బరువైపోతుంది."

"మరి ఫ్యాను తిరిగేదెలాగండీ?" అన్నాడు బాబాయ్. కొందరికి చదువు అబ్బదు, ఏం చేస్తాం!

ఈ మాట పుణ్యమా అని నా సంసారం కూడా బాగుపడింది. ఇదివరకు మావారు సెలవురోజున ఊరికే పడుకునేవారు, నేను ఊరికే సణిగేదాన్ని. ఇప్పుడు కుళాయి కారుతోందంటే చాలు, సోఫాలో వెల్లకిలా పడుకుని "ఐడియేట్ చేస్తున్నా" అంటున్నారు. గురక వచ్చేంత లోతుగా చేస్తారు! పరీక్షల ముందు పుస్తకం మూసేసి మా అమ్మాయిదీ అదే మాట. మా అత్తగారొక్కరే దారిలోకి రాలేదు. "ఆ చేసేదేదో చేస్తే కుళాయి కారడం ఆగుతుందటే?" అని అడిగారు. ఇంత అభివృద్ధి ఆవిడకేం అర్థమవుతుంది లెండి.

ఇక మా ఆఫీసు విజయగాథకి వస్తాను. అక్కడ ఆడవాళ్ళం ఇద్దరమే. నేనూ, అకౌంట్స్‌లో కూర్చునే అక్క. చుట్టరికమేమీ లేదు, నన్ను "ఏమే" అని పిలుస్తుంది కాబట్టి అక్క. ఒకరోజు పొద్దున మా బాత్రూమ్ తలుపుకి లోపలి గడియ ఊడి ఆవిడ చేతికొచ్చింది. వెళ్ళి మేనేజరుగారికి చూపించింది. ఆయన కళ్ళు మెరిశాయి.

"ఎక్సలెంట్! లెట్ అజ్ ఐడియేట్!"

మీటింగ్ రూమ్‌లో అందరికీ రంగురంగుల చీటీలు పంచారు. సేల్స్ ఆయన, లోపలున్నవాళ్ళు గట్టిగా పాట పాడుతూ ఉండాలని రాశాడు. కంప్యూటర్లు చూసే అతను యాప్ చేద్దామన్నాడు. డిజైన్ కుర్రాడు ఇంకా లోతుకి వెళ్ళాడు, అసలు తలుపనేదే పాతబడిన కాన్సెప్టట! అక్క తన చీటీ మీద "గడియ" అని ఒక్క ముక్క రాసింది. ట్రైనర్ దాన్ని జాలిగా పక్కన పెట్టారు.

"ఇది ఐడియా కాదమ్మా, వస్తువు."

మీకో సందేహం రావచ్చు. గడియల కంపెనీ కదా, కింద గోడౌన్‌లో గుట్టలుగా పడి ఉంటాయి కదా, ఒకటి తెచ్చి బిగించుకోలేరా? అమ్మా, అయ్యా, మేం అడగలేదనుకున్నారా? గోడౌన్ ఆయన చేతులు జోడించాడు. "సెషన్ క్లోజ్ అవకుండా ఇస్తే నా మీదకొస్తుందమ్మా" అన్నాడు. సెషన్ క్లోజ్ అవడమంటే ఐడియాలు అయిపోవడం. మావాళ్ళకి ఐడియాలకు కొదవా?

అందాకా మా పద్ధతి మాది. ఒకరు లోపలికి వెళితే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడటం. నాకు జ్వరం వచ్చి సెలవు పెట్టినప్పుడు అక్కకి కాపలా లేదు. దానికి ఆవిడే ఒక ఉపాయం కనిపెట్టింది. నీళ్ళు తాగడం మానేసింది. చూశారా, ఒక్క రంగు చీటీ కూడా వాడకుండా! నేను తిరిగి వచ్చేసరికి నడుం పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది. ఆస్పత్రికి తీసుకెళితే డాక్టరమ్మ చెడామడా తిట్టింది.

"కిడ్నీలంటే ఆటలుగా ఉందా? ఇంత ఎండల్లో నీళ్ళు తాగడానికేమమ్మా నీకు?"

అక్క తల దించుకుంది. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. తలుపు కంపెనీది, గడియ కంపెనీది, తల దించుకోవాల్సింది ఈవిడా? క్షమించాలి, దారి తప్పుతున్నాను. ఐడియేషన్ వల్ల మేళ్ళు కదా చెబుతున్నది!

నిన్న పొద్దున మేనేజరుగారి కేబిన్‌లోంచి దబదబా చప్పుడు వినిపించింది. ఆయన సొంత బాత్రూమ్‌కి బిగించింది మా కంపెనీ కొత్త మోడల్ గడియ. అది కాస్తా బిగుసుకుపోయింది. ఆయన లోపల ఉండిపోయారు.

ట్రైనర్ చీటీలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. "కంగారుపడకండి సార్! వీ ఆర్ ఐడియేటింగ్!" అని తలుపు సందులోంచి ధైర్యం చెప్పారు. అందరికీ తలో చీటీ ఇచ్చారు. లోపల సార్ ఎలా ఫీలవుతున్నారో ముందు అడిగి తెలుసుకోవాలన్నాడు డిజైన్ కుర్రాడు.

సార్ చెప్పారు, అచ్చ తెలుగులో.

"ఐడియేటూ లేదు, గాడిదగుడ్డూ లేదు! ఆ చీటీలు తగలెట్టి తలుపు బద్దలు కొట్టండ్రా, ఊపిరాడటం లేదు!"

ట్రైనింగ్ మొదలయ్యాక ఆయన నోట ఇంత స్పష్టమైన వాక్యం నేను వినలేదు. బాబాయ్ భుజంతో గట్టిగా ఒక్క గుద్దు గుద్దాడు. తలుపు ఊడిపడింది. మేనేజరుగారు మొహం కడుక్కుని వచ్చేలోపు వడ్రంగి వచ్చేశాడు, గోడౌన్ నుంచి కొత్త గడియ వచ్చేసింది. ఏ సెషనూ క్లోజ్ అవలేదు.

అప్పుడు నాకు ఈ మాట వాడే అసలు కిటుకు బోధపడింది. ఐడియేట్ చేయడానికి తెలివి అక్కర్లేదు, ఇంగ్లీషూ అక్కర్లేదు. మనం తలుపుకి బయట ఉంటే చాలు.

మేనేజరుగారు కుర్చీలో కూలబడి "నీళ్ళు" అన్నారు. పక్కనే ఉన్న అక్క తన బ్యాగులోంచి సీసా తీసి ఇచ్చింది. పొద్దున ఇంటినుంచి తెచ్చిన సీసా, మూతిదాకా నిండుగా ఉంది. ఆయన గటగటా తాగుతూ మధ్యలో ఆగారు.

"మీరు పొద్దుట్నించీ గుక్కెడు కూడా తాగలేదా అమ్మా?"

"ప్రతిసారీ కాపలా ఎవరిని అడగను సార్? మా తలుపుకి గడియ పెట్టించండి, తాగుతాను" అంది అక్క.

మేనేజరుగారు సీసా కింద పెట్టారు. పాపం, నిజంగానే కదిలిపోయినట్టున్నారు.

"ఇది చాలా సీరియస్ విషయం. ఇప్పుడే అందరం కూర్చుని..."

"సార్, ఆ మాట గనక మీ నోట్లోంచి వచ్చిందంటే, మీ కొత్త తలుపుకి బయటి వైపు కూడా గొళ్ళెం పెట్టించి, మీరు లోపలికెళ్ళాక నేనే వేస్తాను" అన్నాను.