సిద్ధంగా లేని కుర్రవాడు కావలెను

కెల్లర్స్‌బర్గ్ మ్యూల్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆ ఏడాది కూడా దేశంలో అందరికన్నా ఎక్కువ ఆటలు ఓడిపోయి, ఎవరూ వేలెత్తి చూపలేని విధంగా ఆఖరి స్థానం దక్కించుకున్నదని యాజమాన్యం సంతోషంతో ప్రకటించింది. ఇందులో సంతోషమేమిటని ఆ ఊళ్లో ఎవరూ అడగలేదు. వసంతంలో కాలేజీ కుర్రాళ్లను జట్లన్నీ పంచుకునే రోజున, అందరికన్నా చిత్తుగా ఓడినవాళ్లకే మొదటి పిలుపు. పంక్తిలో ముందు విస్తరి వాళ్లదే. అందుకని జనం స్టేడియం బయట కార్ల డిక్కీలు తెరిచి, మంచులోనే పొయ్యిలు వెలిగించి, సాసేజీలు కాల్చుకు తిని పండగ చేసుకున్నారు.

ఆ మొదటి పిలుపు ఎవరికివ్వాలో తేల్చవలసినవాడు జట్టు మేనేజరు వెండెల్ క్రౌజ్. మంచివాడు. ఆటగాళ్లను ఎంచడం అతని ఉద్యోగం, ఆ ఉద్యోగం పోవడం అతని అలవాటు. ఇప్పటికి నాలుగు ఊళ్లలో పోయింది. అతని భార్య జెనెట్ ఇల్లు మారినప్పుడల్లా అట్టపెట్టెలు పారేయకుండా మడిచి గ్యారేజీలో పెట్టేది. ఈ ఊళ్లో మాత్రం ఆమె పెరట్లో గులాబీలు నాటింది. "ఇవి పూసేదాకా అన్నా ఉందామండీ," అని ఒకటే మాట అడిగింది. వెండెల్ మాటిచ్చాడు.

మ్యూల్స్ జబ్బేమిటో వెండెల్‌కి తెలుసు. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసిరేవాడు. అతను చెయ్యెత్తి విసిరేలోగా ఎదుటి జట్టువాళ్లు మీదపడకుండా అతని ముందు బీరువాల్లాంటి మనుషులు గోడ కట్టాలి. మ్యూల్స్‌కి ఆ గోడ లేదు. అందువల్ల వాళ్ల క్వార్టర్‌బ్యాకులు నిలబడి ఉన్న కాలం తక్కువ, పడుకుని ఉన్న కాలం ఎక్కువ. జట్టు యజమానురాలు మిసెస్ గ్రేబర్‌ది పరుపుల వ్యాపారం కాబట్టి ఇది ఒకరకంగా ప్రకటనే అని కొందరు సరిపెట్టుకున్నారు.

వెండెల్ ఆవిడ దగ్గరికి వెళ్లి, ఈసారి ఒక మంచి బీరువాను తీసుకుందామన్నాడు.

"తీసుకుంటే ఏమవుద్ది?"

"వచ్చే ఏడాది నుంచే గెలవడం మొదలెట్టొచ్చు మేడమ్."

"అంటే వచ్చే ఏడాది గెలవకపోతే నిన్ను పంపించెయ్యొచ్చు."

వెండెల్ కళ్లముందు గులాబీ మొక్కలు కదిలాయి. "అదే కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుంటే వేరే సంగతి మేడమ్. వాడు తయారవడానికే మూడేళ్లు పడుతుంది."

"అప్పటిదాకా నిన్ను కదపకూడదంటావ్?"

"పంట చేతికి రాకముందే రైతును మార్చరు కదండీ."

మిసెస్ గ్రేబర్‌కి ఈ మాట నచ్చింది. పైగా బీరువా బొమ్మ వేసిన చొక్కా ఎవరూ కొనరు. కుర్రాడి పేరైతే పసిపిల్లల బొంతల మీద కూడా వేయవచ్చు.

ఈ నిర్ణయం విని కోచ్ టాలివర్ మాత్రం పెదవి విరిచాడు. "మూడేళ్లేం సరిపోతాయ్ వెండెల్? మా అమ్మాయి హైస్కూలు అవడానికే నాలుగేళ్లుంది. ఇంకాస్త పచ్చిగా ఉన్నవాణ్ణి చూడవయ్యా."

ఆ రోజు నుంచి మ్యూల్స్ వెతుకులాట కొత్త దారి పట్టింది. తన కాలేజీని రెండుసార్లు గెలిపించిన కుర్రాణ్ణి చూసి, పండిపోయాడని పక్కన పెట్టారు. ఎదుటివాళ్ల ఎత్తు ముందే పసిగడతాడని పేరున్న ఇంకొకణ్ణి, అలాంటివాడు ఏడాదిలోనే అందరి కొంప ముంచుతాడని వదిలేశారు. చివరికి ఇండియానా రాష్ట్రంలో కోల్బీ యోడర్ దొరికాడు. ఇరవై ఏళ్లు. కాలేజీలో ఆడినదానికన్నా మైదానం పక్కన బల్ల మీద కూర్చున్నదే ఎక్కువ. భుజం బలం అద్భుతం. విసిరిన బంతి ఎక్కడ పడుతుందో చూడాలని అందరితోపాటు తనూ ఆసక్తిగా చూస్తాడు.

కోల్బీని పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టారు. ఆ కుర్రాడు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నిజం చెప్పాలంటే నేనింకా సిద్ధంగా లేనండి," అన్నాడు. "ఇంకో రెండేళ్లు కాలేజీలోనే ఉండమంది మా అమ్మ."

"రెండేళ్లేనా?" అన్నాడు కోచ్, మొహం వాడిపోయి.

కుర్రాడు మర్యాదస్తుడు. "మూడు కూడా పట్టొచ్చండి. ఒక్కోసారి నాలుగు అనిపిస్తది."

వెండెల్ లేచి వాడి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఒక్క మాటండీ," అన్నాడు కోల్బీ. "నా ముందు ఎవరు నిలబడతారు?"

"నీ ముందు భవిష్యత్తు నిలబడుద్ది బాబూ," అన్నాడు కోచ్.

పంపకాల రోజున వెండెల్ వేదికనెక్కి, "మేము ఈరోజు ఒక కుర్రాణ్ణి ఎంచుకోలేదు, ఓర్పును ఎంచుకున్నాం. ఈ ఊరి ప్రజలు ఓర్పు విలువ తెలిసినవాళ్లు," అని ఉపన్యసించాడు. టీవీలో పండితులు కోల్బీ అరచేయి కొలిచి, బొటనవేలు కొంచెం పొట్టి అనీ, పొట్టిదైనా ధైర్యం గలదనీ రెండు వర్గాలుగా చీలిపోయారు. మధ్యాహ్నం ఈ ఎంపిక విని కేకలు వేసి తిట్టిన జనమే సాయంత్రానికి యోడర్ చొక్కాల కోసం వరస కట్టారు.

ఆకులు రాలే కాలం వచ్చింది, ఆటలు మొదలయ్యాయి. ఎవరూ ఊహించని విపత్తు జరిగింది. కోల్బీ యోడర్ బాగా ఆడాడు.

ముందు అదేదో పొరపాటు అనుకున్నారు. రెండో వారం మళ్లీ గెలిచాడు. ఒకప్పటి గోడలో మిగిలిన ఇద్దరు పాతకాపులు, డార్నెల్, హ్యాంక్ అనేవాళ్లు, ఈ కుర్రాడి మీద మనసుపడి ప్రాణం పెట్టి కాపాడుతున్నారు. నాలుగో విజయం తర్వాత మిసెస్ గ్రేబర్ ఫోను చేసింది.

"వాడు తయారైపోయాడుగా వెండెల్. ఇంక మూడేళ్ల మాటేంటి? ఈసారి కప్పు తే. లేకపోతే నీ దారి నువ్వు చూసుకో."

జెనెట్ ఆ సాయంత్రం గ్యారేజీ తలుపు తీసింది. అట్టపెట్టెల మీది దుమ్ము దులిపి, మళ్లీ తలుపు వేసింది.

వెండెల్ కోల్బీని కన్నకొడుకులా చూసుకునేవాడు. ఏ కష్టమూ తెలియకుండా పెరిగితే పిల్లలు చెడిపోతారని అతనికి ఆ రాత్రే తోచింది. తెల్లవారాక డార్నెల్‌నూ హ్యాంక్‌నూ పక్క రాష్ట్రం జట్టుకు ఇచ్చేసి, బదులుగా రాబోయే సంవత్సరాల్లో ఇద్దరు కుర్రాళ్లను ఎంచుకునే హక్కు రాయించుకున్నాడు. దీన్ని పత్రికలు దూరదృష్టి అన్నాయి.

తర్వాతి ఆదివారం ఆటలో కోల్బీ చెయ్యెత్తాడు. ముందు గోడ లేదు. ముగ్గురు ఒక్కసారిగా మీదపడ్డారు. మోకాలు విరిగిన చప్పుడు పైవరసల్లో కూర్చున్నవాళ్లకు వినబడలేదు గాని, వెండెల్‌కి వినబడింది. గుండెల్లో ఏదో కలుక్కుమంది. పొద్దున తిన్న సాసేజీలో కారం ఎక్కువై ఉంటుందనుకున్నాడు.

కోల్బీని చిన్న బండి మీద పడుకోబెట్టి తీసుకుపోతుంటే స్టేడియం మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ మర్యాదలో ఆ ఊరికి వంక పెట్టలేం. వెండెల్ బండి పక్కన నడిచాడు.

"క్షమించండి సార్," అన్నాడు కోల్బీ. మొహం తెల్లగా పాలిపోయింది. "నేను తొందరగా లేచొచ్చేస్తానండి."

"తొందరేం లేదు బాబూ," అన్నాడు వెండెల్. అతను మనస్ఫూర్తిగా అన్న మాట అది.

మర్నాడు యాజమాన్యం ప్రకటన వెలువడింది. కోలుకునే కాలాన్ని తయారయ్యే కాలంలో కలపడం న్యాయం కాదనీ, కనుక మేనేజరుకూ కోచ్‌కూ గడువు పొడిగించడమైనదనీ దాని సారాంశం. కోల్బీ తల్లి ఇండియానా నుంచి వచ్చి కొడుకును తీసుకుపోయింది. ఆవిడతో ఎవరూ ప్రకటన ఇప్పించలేదు.

ఆ శనివారం వెండెల్ పాలూ రొట్టే కొనడానికి కిరాణా సూపర్‌మార్కెట్‌కు వెళ్లాడు. డబ్బులు కట్టే వరసలో అతని వెనక నిలబడ్డావిడ యోడర్ చొక్కా తొడుక్కుంది. పేరు మీద అప్పుడే తెల్లటి టేపు అంటించేసింది. ఆవిడ తోపుడుబండిలో కూర్చున్న పసివాడు ఒక బంగాళాదుంప తీసి విసిరాడు. అది చాక్లెట్ల అరను దాటి వెళ్లి సబ్బుల మధ్య పడింది.

"చూశారా సార్ ఆ చెయ్యి?" అందావిడ.

"ఎన్నేళ్లమ్మా?"

"మార్చికి మూడు నిండుతాయి."

వెండెల్ పిల్లవాడి అరచేయి పట్టుకు చూశాడు. లోపల ఇంకా ఏదో కలుక్కుమంటూనే ఉంది. "మొన్న ఆదివారం మీరు ఆటకొచ్చారా?" అని అడిగాడు.

"వచ్చాను సార్. ఆ కుర్రాణ్ణి అలా తీసుకుపోతుంటే ఏడుపు ఆగలేదనుకోండి. పాపం, వాళ్లమ్మకి ఎలా ఉంటదో," అని ఆవిడ కళ్లు తుడుచుకుంది. తర్వాత పిల్లవాడి పైజామా పైకి లాగి చూపించింది. "మావాడి మోకాళ్లు వాళ్ల నాన్న పోలిక సార్. రాయి."

వెండెల్ మనసులో లెక్క వేసుకున్నాడు. ఈ పిల్లవాడు తయారవడానికి తక్కువలో తక్కువ పద్దెనిమిదేళ్లు. అంతలోకి తను పింఛను పుచ్చుకుని కూడా కొన్నాళ్లవుతుంది. కలుక్కుమనడం తగ్గిపోయింది. జేబులోంచి తన పేరున్న కార్డు తీసి ఆవిడకిచ్చాడు.

ఆవిడ వెనక ఒక తండ్రి ఇదంతా గమనిస్తున్నాడు. చంకలోని చంటివాణ్ణి రెండు చేతులతో పైకెత్తాడు. ఇంకా మెడ నిలవలేదు వాడికి.

"సార్, వీణ్ణి కూడా ఒకసారి చూడండి," అన్నాడు గర్వంగా. "వీడికింకా అసలేమీ రాదు."

అతని వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. ఎవరూ తోసుకోలేదు, వరస తప్పలేదు. పిల్లల విషయంలో కెల్లర్స్‌బర్గ్ జనం ఎప్పుడూ మర్యాదస్తులే.