హైదరాబాద్ మీదుగా జాంజిబార్

ఉష్ణమండల ద్వీపంలో సెలవులు గడపడానికి అన్నిటికన్నా మంచి పద్ధతి, అక్కడికి వెళ్లకపోవడం. ఈ మాట ఊరికే నోటికొచ్చినట్టు అనడం లేదు, నాలుగేళ్ల అనుభవంతో అంటున్నాను. ఆక్లాండ్‌లోని మౌంట్ రాస్కిల్ నుంచి నేను జాంజిబార్‌కు నాలుగుసార్లు బయలుదేరాను. నాలుగుసార్లూ మియాపూర్ దాకా వెళ్లి వచ్చాను.

జాంజిబార్ ఎక్కడుందని అడిగేవారి కోసం చెబుతున్నాను. ఆఫ్రికా తూర్పు తీరానికి దగ్గర్లో, హిందూ మహాసముద్రంలో ఉన్న దీవి. తెల్లటి ఇసుక, లవంగాల తోటలు, తెరచాప పడవలు, స్వాహిలీ మాట్లాడే జనం. ఇక మియాపూర్ అంటారా, అది హైదరాబాద్‌లో మా రమామణి అత్తమ్మ, అంటే మా నాన్నగారి చెల్లెలు, ఉండే చోటు.

ఈ రెండింటికీ ఏమిటి సంబంధం అని అడిగారా? అడిగారంటే మీరు న్యూజిలాండ్‌లో ఉంటున్న తెలుగువారు కారన్నమాట. మనం భూమ్మీద ఏ మూలకు వెళ్లాలన్నా హైదరాబాద్ దారిలోనే ఉంటుంది. కావాలంటే మ్యాప్ మీద గీత గీసి చూడండి. మెడ కాస్త పక్కకు వంచి చూడాలి, అంతే.

మా ఆఫీసులో క్రెయిగ్ అని ఒక కివీ ఉన్నాడు. ఏటా రారొటోంగా దీవికి వెళ్తాడు. టికెట్ కొంటాడు, విమానం ఎక్కుతాడు, దిగుతాడు, ఇసుకలో పడుకుంటాడు. మధ్యలో ఎవరింటికీ వెళ్లడు. అంత దూరం పోయి, ఒక్కరింట్లో కాఫీ తాగకుండా, ఒక్కరి చేత "చిక్కిపోయావు" అనిపించుకోకుండా, చర్మం కాల్చుకుని తిరిగొస్తాడు. దాన్ని కూడా సెలవు అంటారా?

అసలు ఈ జాంజిబార్ గొడవ మొదలుపెట్టింది మా ఆవిడ విజయ. ఆమె పసిపిల్లల సెంటర్‌లో పని చేస్తుంది. అక్కడ వంట చేసే సల్మా అనే పెద్దావిడ సొంతూరు జాంజిబార్. పిల్లలు నిద్రపోయాక ఆవిడ కబుర్లు చెప్పేదట. పాత ఊళ్లో ఒక్క మనిషి మాత్రమే పట్టే సందులు, ఇత్తడి బొడిపెలు కొట్టిన చెక్క తలుపులు. రోడ్డు పక్కన చాపల మీద ఆరబోసిన లవంగాలు. సముద్రం పొద్దున్నే కిలోమీటరు దూరం వెనక్కి పోతే, ఆ నేల మీద ఆడవాళ్లు సముద్రపు నాచు సాగు చేస్తారట. మధ్యాహ్నానికి నీళ్లు మళ్లీ ఇంటి ముందుకు వస్తాయట.

"యాభై ఏళ్లు నిండేలోపు ఒక్కసారి ఆ నీళ్లలో దిగాలండీ" అంది విజయ. అలాగే అన్నాను. ఎవరేమడిగినా నేను అలాగే అంటాను. దాన్ని కొందరు బలహీనత అంటారు. మా ఇంట్లో సంస్కారం అంటాం.

విజయ మాత్రం నా మాట నిజమే అనుకుంది. నలభై అయిదేళ్ల వయసులో కౌన్సిల్ పూల్‌లో, ఆరేళ్ల పిల్లల పక్కన గోడ పట్టుకుని కాళ్లాడించి ఈత నేర్చుకుంది. తర్వాత డైవింగ్ కోర్సులో చేరింది. ఆక్లాండ్‌కు ఉత్తరాన సముద్రంలో నేర్పించారు. నీళ్లు పదిహేను డిగ్రీలు. పళ్లు టకటక కొట్టుకుంటూ ఒడ్డుకొస్తే, "కింద ఏం కనిపించింది?" అని అడిగాను. "చలి" అంది. అయినా పాసై, ఫోటో ఉన్న కార్డు తెచ్చుకుని పర్సులో ఆధార్ కార్డు వెనక పెట్టుకుంది.

డైవింగ్‌లో ఒక నియమం ఉందట. నీళ్లలోకి ఎవరినీ ఒంటరిగా దిగనివ్వరు. ప్రతి మనిషికీ ఒక జంట ఉండాలి, ఒకరి సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో మరొకరు చూసుకోవాలి. "నా జంట మీరే అనుకుని నేర్చుకున్నాను" అంది. నేనూ నేర్చుకున్నాను, యూట్యూబ్‌లో.

నా పని ప్లానింగ్. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు కదా, నా కంప్యూటర్‌లో ఆ సోమలింగం పేరు 'జాంజిబార్ ఫైనల్'. వాడికి తమ్ముళ్లు కూడా ఉన్నారు: 'ఫైనల్ టూ', 'కొత్త ఫైనల్', 'అసలైన ఫైనల్'. ఏ రోజు ఏ బీచ్‌లో ఎన్ని గంటలకు ఆటు, ఎన్ని గంటలకు పోటు అన్నది నాకు కంఠతా వచ్చు. ఫ్రిజ్ మీద విజయ రోజుకొక స్వాహిలీ మాట రాసి అంటించేది. మొదటి మాట 'హపానా'. అంటే కాదు, కుదరదు, వద్దు అని. పలకడం తేలిక, కావాలని ముందు ఇదే పెట్టాను అంది. రెండేళ్లు సాధన చేశాను. స్వాహిలీలో బ్రహ్మాండంగా అంటాను.

జాంజిబార్‌లో వానలు లేకుండా, నీళ్లు తేటగా ఉండేది ఫిబ్రవరిలో అని చదివి ఆ నెలకే సెలవు పెట్టాం. ఫిబ్రవరి అంటే మాఘమాసం అనీ, ముహూర్తాలు ముసురుకునే కాలమనీ ఏ ట్రావెల్ వెబ్‌సైటూ రాయదు. మొదటి ఏడాది అత్తమ్మ ఫోన్ చేసింది.

"ఆఫ్రికా పోతున్నరంట గదా మహీ. ఎట్లైనా ఇటుకెల్లే పోతరు. కొత్తింట్ల పాలు పొంగిచ్చేది ఉన్నది, రెండు దినాలు ఆగిపోతే ఏమైతది బిడ్డా?"

"ఏం కాదు అత్తమ్మా, అలాగే" అన్నాను.

నిజంగానే ఏమీ కాలేదు. పాలు పొంగాయి. కొత్తింట్లో మూడు నిద్రలు చేయాలన్నారు, చేశాం. నాలుగో రోజు మంగళవారం, బయలుదేరకూడదన్నారు. అయిదో రోజు వియ్యంకులవాళ్లు భోజనానికి పిలిచారు, వెళ్లకపోతే వాళ్లు ఏమనుకుంటారు? ఆ తర్వాత మొహాలు తెలియని నలుగురి ఇళ్లకు వెళ్లాం. చివరికి చూసుకుంటే జాంజిబార్‌కు ఒకటిన్నర రోజు మిగిలింది. అంత తక్కువ సమయంలో ఒక గొప్ప సంస్కృతిని అవమానించడం ఇష్టంలేక మానుకున్నాం.

రెండో ఏడాది అత్తమ్మ చిన్నకొడుకు పెళ్లి. పెళ్లికి రెండు రోజులే అనుకున్నాం. పదహారు రోజుల పండుగ ఉంటుందని పెళ్లయ్యాక చెప్పారు. మూడో ఏడాది మనవడి పుట్టు వెంట్రుకలు, యాదగిరిగుట్టలో. నేను మేనమామ వరస. వాడు నా ఒళ్లో కూర్చుని గంటసేపు గుక్కపట్టి ఏడ్చాడు. బీచ్‌లో పెట్టుకుందామని కొనుక్కున్న టోపీని విజయ వాడి గుండుకు పెట్టింది. వాడికి బాగా నప్పింది.

నాలుగో ఏడాది మూఢం. ఒక్క ముహూర్తం లేదు. ఇక దారి సాఫీ అని విజయ ఈత డ్రస్సు కూడా సర్దింది. అత్తమ్మ ఫోన్ చేసింది.

"మూఢం గదా, ఏం పనులుండయి. ఈసారన్న మంచిగ నిమ్మళంగ ఉండిపోండ్రి."

అలాగే అన్నాను. ఏ పనీ లేకపోవడంతో ఆ ఏడాది అన్ని పనులూ అయ్యాయి. నాకు రూట్ కెనాల్, విజయకు కళ్లద్దాలు, బ్యాంకులో కేవైసీ. న్యూజిలాండ్‌లో పన్ను సలిపినవాడు హైదరాబాద్ వెళ్లేదాకా లవంగం నమిలి ఓర్చుకుంటాడన్న సంగతి మీకు తెలియనిది కాదు. జాంజిబార్‌తో నాకు మిగిలిన సంబంధం ఆ లవంగమే.

మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. నాకు మియాపూర్ వచ్చింది.

ఇందులో లాభాలు చూడండి. జెల్లీఫిష్ కుట్టలేదు. ఎండకు తోలు ఊడలేదు. సామాన్లు పోలేదు, పైగా పెరిగాయి. ఎందుకంటే ఆక్లాండ్ శివార్లలో పాపకూర అనే చోట మా వీరభద్రం గారున్నారు. నేను అటు వెళ్తున్నానన్న వార్త ఆయనకు నాకన్నా ముందే తెలుస్తుంది. "ఎలాగూ అటే వెడుతున్నారు కదండీ" అంటూ ఆరు తేనె సీసాలు, నాలుగు డబ్బాల విటమిన్ బిళ్లలు తెచ్చి ఇస్తారు. వాటిని దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ల తోడల్లుడి ఇంట్లో ఇవ్వాలి. మియాపూర్ నుంచి మెట్రోలో గంట. ఆ గంటసేపూ కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది. డైవింగ్‌లో ఇంత కనిపిస్తుందా?

తిరిగొచ్చాక ప్రతిసారీ సల్మా అడిగేదట, జాంజిబార్‌లో మా అక్కావాళ్ల ఇల్లు చూశారా అని. వచ్చే ఏడు తప్పకుండా అని విజయ చెప్పేది. నాలుగోసారి ఆవిడ అడగలేదట. ఆ సంగతి చెప్పేటప్పుడు విజయ చపాతీలు ఒత్తుతోంది. ఆ రోజు చపాతీలు చాలా పలచగా వచ్చాయి.

ఈ ఏడాది విజయ నన్నేమీ అడగలేదు. తన టికెట్ తనే కొనుక్కుంది. ఆక్లాండ్ నుంచి దోహా, దోహా నుంచి జాంజిబార్. నేను టికెట్ అటూ ఇటూ తిప్పి చూశాను.

"హైదరాబాద్ ఏదీ?"

"లేదు" అంది.

ఈ శుక్రవారం అత్తమ్మ మనవరాలి ఓణీల ఫంక్షన్. మళ్లీ నేనే మేనమామ వరస. అందుకని నేను అది చూసుకుని ఆదివారానికి జాంజిబార్ చేరతానన్నాను. విజయకు యాభై నిండేది శనివారం. ఆ సంగతి నాకు బాగా గుర్తుంది. ఒక్క రోజు తేడాలో ఏముంది? మొన్న ఆదివారం ఎయిర్‌పోర్ట్‌లో ఆమెను దింపాను. "మీరు అటే వెళ్తున్నారు కదా, అందరినీ అడిగానని చెప్పండి" అని లోపలికి వెళ్లిపోయింది. తిరిగి చూస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. పార్కింగ్ టైమ్ అయిపోయింది.

పాఠకులారా, ద్వీపాలకు వెళ్లకపోవడంలోని సుఖం గురించి మౌంట్ రాస్కిల్‌లోని మా వంటింటి బల్ల దగ్గర, వీరభద్రం గారి తేనె సీసాల మధ్య కూర్చుని ఇంతవరకూ రాశాను. ఇవాళ మంగళవారం, రేపు నా ప్రయాణం. ఇంకో పేరా రాసి ముగిద్దామనుకుంటుంటే ఫోన్‌లో ఫోటో వచ్చింది. నీలంగా ఉంది. మధ్యలో కళ్లజోడు, గొట్టం పెట్టుకున్న మనిషి, పక్కన ఒక తాబేలు. కింద విజయ ఇలా రాసింది:

"నీళ్లు వెచ్చగా ఉన్నాయి. అడుగుదాకా కనిపిస్తోంది. నాకు జంటగా డెన్మార్క్ నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచరమ్మను ఇచ్చారు. నా గాలి సరిగ్గా చూస్తోంది."

నాకు ఏడుపొచ్చింది. నాలుగేళ్లు కష్టపడి ఒక పనికి సిద్ధమైన మనిషి గాలి ఎంత మిగిలిందో, ఒక్కసారి కూడా చూడనివాణ్ని నేను. అన్ని 'ఫైనల్' ఫైళ్లలో ఎక్కడా దానికొక గడి పెట్టలేదు.

టికెట్ మార్చాను. రేపు బయలుదేరితే దోహా మీదుగా గురువారానికి జాంజిబార్. నాకు డైవింగ్ రాదు కాబట్టి పడవలో తువ్వాలు పట్టుకుని కూర్చుంటాను. టికెట్ మార్చాకే అత్తమ్మకు ఫోన్ చేశాను. ముందు ఫోన్ చేస్తే మార్చనని నాకు తెలుసు. ఇక్కడ సాయంత్రం నాలుగు, అక్కడ పొద్దున ఎనిమిదిన్నర. ఫ్రిజ్ మీది 'హపానా' కాగితం చూస్తూ, నా భాషలోనే చెప్పాను.

"అత్తమ్మా, ఈసారి రావడం కుదరదు."

అటు నుంచి మాట లేదు. నాలుగేళ్లుగా నేను భయపడ్డ నిశ్శబ్దం అదే. కొంపలు అంటుకుంటాయనీ, వంశం మొత్తం నన్ను వెలేస్తుందనీ అనుకున్న నిశ్శబ్దం. కళ్లు మూసుకున్నాను.

"ఏమన్నవ్ బిడ్డా, ఇనవడలే."

"రావడం కుదరదు అత్తమ్మా. విజయ దగ్గరికి పోతున్నా."

"అయ్యో, మంచిగ పోయి రా. పిల్లకు సొంత మేనమామలే ముగ్గురున్నరు, చీర వాళ్లు పెడ్తరు. నువ్వు ఏటా వస్త వస్త అంటవని పిలుస్తున్న గాని, నీకు అంత కష్టమైతే ఎందుకొస్తవ్? విజయను అడిగిన అని చెప్పు."

పెట్టేసింది. ఫోన్‌లో చూశాను. మాట్లాడిన సమయం నలభై ఒక్క సెకన్లు. అందులో పదిహేను సెకన్లు ఆవిడ టీవీ సౌండ్ తగ్గించడానికే పట్టాయి.