సాగనంపిన యుద్ధం

శనివారం ఉదయం ఆరున్నరకు జ్ఞానయ్య సంచి సర్దడం మొదలుపెట్టాడు. రెండు చొక్కాలు, ఒక లుంగీ, ఒక తువ్వాలు, వాటి కింద బరువు కోసం పాత వార్తాపత్రికలు. దీవి విడిచి విశాఖపట్నం ఓడ ఎక్కే మనిషి సంచి ఎంత ఉబ్బాలో అంత ఉబ్బిందా అని నొక్కి చూశాడు. నిజానికి అతను విశాఖపట్నం వెళ్ళడం లేదు. హడ్డో రేవుదాకా అందరికీ కనబడేలా నడిచి, అక్కణ్ణుంచి చల్లగా చాతం వెళ్ళి, పడవలో బాంబూఫ్లాట్ దాటి, పినతల్లి కొడుకు ఇంట్లో ఒక రాత్రి దాక్కోవాలి. ఆదివారం మధ్యాహ్నం బ్రూక్షాబాద్‌లోని ఇంటికి తిరిగి రావాలి. ఇదీ పథకం.

"తిరిగొస్తారు కదా?" అంది భార్య మేరమ్మ.

"రేపు మధ్యాహ్నానికి నాకూ కలిపి అన్నం వండు."

"సంచి సర్దినోళ్ళందరూ అదే మాట అంటారు," అని ఆమె తువ్వాలు తీసి మళ్ళీ మడతపెట్టింది.

ఇదంతా ఒక ఆట కోసం. డ్రాయింగు మాస్టారు రాజబాబు ప్లైవుడ్ పలక మీద ఒక నది, ఒక కోట, ఒక అడవి గీసి, పాచికలు పెట్టి, తొంభై పేజీల నిబంధనలు రాసి తయారుచేసిన మాయాయుద్ధం అది. ప్రతి ఆదివారం జ్ఞానయ్య ఇంట్లో ఆట, తీర్పులు చెప్పేది ఆయనే. కోటలో ఉన్న రాక్షససైన్యం ప్రభుత్వ లాంచీ మీద ఇంజను డ్రైవరు కన్నారావుది. నది ఇవతల ఉన్న రెక్కల గుర్రాలు జ్ఞానయ్యవి. చాతం సామిల్లులో దుంగల గుమాస్తా కనుక, మిల్లులో పారేసే ఎర్రటి పడాక్ కలప ముక్కలు తెచ్చుకుని పదకొండేళ్ళు కూర్చుని నలభై గుర్రాలు చెక్కాడు. ఓడినవాడి సైన్యం మొత్తం గెలిచినవాడికి ఇచ్చెయ్యాలన్నది మొదటి నిబంధన. ఏడు నెలల యుద్ధంలో అతనికి పంతొమ్మిది గుర్రాలు మిగిలాయి.

కన్నారావు పాచికల్ని నమ్ముకుంటే జ్ఞానయ్య లైబ్రరీని నమ్ముకున్నాడు. ఆ తెలివి చూసి ముచ్చటపడనివాళ్ళు లేరు. నెపోలియన్ సైన్యాన్ని రష్యాలో చలితో పాటు ఆకలి కూడా చంపిందని చదివి, ఒక ఆదివారం వెళ్ళి రాక్షసుల ధాన్యపు కొట్టు తగలబెట్టాడు. రాక్షసులకు ఆకలేమిటని కన్నారావు గొడవపెట్టాడు. మాస్టారు వారం రోజులు ఆలోచించి, నోరున్న ప్రతిదానికీ ఆకలి ఉంటుందని తీర్పు చెప్పారు.

ఆ తర్వాత జ్ఞానయ్య మంగోలుల గురించి చదివాడు. రష్యా రాజులు వెంటపడితే వాళ్ళు తొమ్మిది రోజులు పారిపోయారట. తరిమేవాళ్ళు బారులుగా సాగిపోయి అలిసిపోయాక, కల్కా నది దగ్గర వెనక్కి తిరిగి ఊచకోత కోశారట. జ్ఞానయ్య మూడు ఆదివారాలు గుర్రాలను పారిపోనిచ్చాడు. కన్నారావు కోట తలుపు తియ్యలేదు.

"నువ్వు పరిగెట్టు భయ్యా, నాను చాయ్ తాగుతాను," అన్నాడు.

అప్పుడు జ్ఞానయ్యకు ఒక సంగతి తట్టింది. పారిపోవడం నిజమని నమ్మించాలంటే పారిపోవలసింది గుర్రాలు కాదు, సేనాపతి. సేనాపతి దీవి విడిచి వెళితే ఇంట్లోవాళ్ళు ఆడవచ్చని నిబంధన ఉంది. ఎన్నడూ పాచిక ముట్టని మేరమ్మ ఎదురుగా కూర్చుంటే కన్నారావు ఆగలేడు. రాక్షసులు సగం నదిలో ఉండగా జ్ఞానయ్య గుమ్మంలోకి అడుగుపెడతాడు.

ఏడు గంటలకు పక్కింటి గవరమ్మ వచ్చింది. చేతిలో ఎండుచేపల మూట.

"ఓడెక్కుతున్నావంట గదా తమ్ముడూ. ఇది భీమిలిలో మా యప్పకిచ్చెయ్యి. ఇంకేటీ బరువు నేదులే."

ఏడున్నరకు అసిరమ్మ కూతురి ఫోటో తెచ్చింది. రెండేళ్ళుగా నడుస్తున్న సంబంధం, పిల్లవాడి తల్లి ఒక్కసారి ఆ ఫోటో చూస్తే తేలిపోతుందట. ఎనిమిదింటికి మిల్లు నుంచి ఒక కవరు వచ్చింది. ఎనిమిదిన్నరకు వరండాలో పదిహేడు మూటలు, ఇరవైమూడు ఉత్తరాలు ఉన్నాయి. కాదనడానికి జ్ఞానయ్యకు నోరు రాలేదు. దీవుల్లో ఓడెక్కే మనిషి తపాలాపెట్టె లాంటివాడు. తపాలాపెట్టె ఎక్కడైనా ఉత్తరం వద్దంటుందా?

తొమ్మిదింటికి పాస్టరు యేసురాజు తొమ్మిదిమందితో వచ్చి ప్రయాణ ప్రార్థన మొదలుపెట్టారు. సముద్రం శాంతించాలని ఆయన కన్నీళ్ళతో వేడుకుంటుంటే జ్ఞానయ్యకు చెమటలు పట్టాయి. ఆమెన్ అనగానే దారి దొరికింది.

"టికెట్టు దొరకలేదండి అయ్యగారూ. దేవుడి చిత్తం ఇంకోలా ఉన్నట్టుంది."

"దొరకలేదని ఎవలు సెప్పారు?" అన్న గొంతు గేటు దగ్గర వినిపించింది. కన్నారావు. జేబులోంచి టికెట్టు తీసి గాలిలో ఊపాడు. "నువ్వు టికెట్టు తియ్యలేదని తెలిసి పొద్దున్న నాలుగింటికెళ్ళి లైన్లో నిలబడ్డాను. ఓడలో అందరూ నా దోస్తులే, పేరు అక్కడే రాయించుకోవచ్చు. పద, టాక్సీ ఆపాను."

జ్ఞానయ్య అడిగాడు. "మరి రేపటి యుద్ధం? మేరమ్మ ఆడుతుంది కదా."

కన్నారావు అతని వైపు జాలిగా చూశాడు. "ఏటి మాటలు భయ్యా. పారిపోయేవోణ్ణి తరుముతాం. ఊరెల్లేవోణ్ణి సాగనంపుతాం. నువ్వొచ్చేదాకా కోట తలుపు తీసేది నేదు. మేరమ్మ దీదీకి కూడా అదే సెప్పాను."

ఏ లైబ్రరీ పుస్తకంలోనూ ఇలా సాగనంపే సైన్యం గురించి లేదు.

పదకొండింటికి మూటలన్నీ హడ్డోలో ఓడ మీద ఉన్నాయి. ఎక్కించిందీ కన్నారావే. ఇక పైకి వెళ్ళాల్సింది జ్ఞానయ్య ఒక్కడే. నిచ్చెన మొదట్లో అతను ఆగిపోయాడు.

"కన్నారావూ, నేను వెళ్ళట్లేదు. ఇదంతా నిన్ను కోటలోంచి బయటికి రప్పించడానికి."

కన్నారావు సంగతి పట్టేసి అడిగాడు. "మా రాక్షసులు నది దాటుతుంటే వద్దామనా?"

"సగం దాటాక."

"బహుత్ అచ్ఛా," అన్నాడు కన్నారావు, నిజంగానే సంబరపడుతూ. "గుర్రాల బుర్ర కాదయ్యా నీది. నాను కచ్చితంగా మునిగిపోదును." తర్వాత ఓడ వైపు చూశాడు. "అయితే ఆ మూటలు? గవరమ్మ నిన్ను బతకనిస్తాదా? నువ్విక్కడే ఉండు, దారి నాకు తెలుసు. దింపుకొచ్చెస్తాను."

రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వెళ్ళాడు. మొదటి విడతలో నాలుగు మూటలు ఓడ అంచున ఉన్న కటకటాల దాకా తెచ్చాడు. రెండో విడతకు లోపలికి వెళ్ళినప్పుడు నిచ్చెన తీశారు. మూడో విడతకు ఓడకూ రేవుకూ మధ్య పది గజాల నీళ్ళున్నాయి. ఎండుచేపల మూట భుజాన వేసుకుని కన్నారావు కటకటాల దగ్గర నిలబడ్డాడు. జేబు తడుముకుని టికెట్టు తీసి చూపించాడు. ఏదో అరిచాడు కానీ ఓడ కూతలో వినబడలేదు. నవ్వుతున్నాడని మాత్రం తెలిసింది. రేవులో ఉన్నవాళ్ళు అలవాటు ప్రకారం చేతులూపారు. జ్ఞానయ్య కూడా ఊపాడు.

ఆదివారం రాజబాబు మాస్టారు నిబంధనల పుస్తకం తిరగేశారు. కన్నారావుకు ఇంట్లోవాళ్ళంటూ ఎవరూ లేరు. సేనాపతీ, అతని తరఫు మనిషీ లేని సైన్యం ఓడినట్టేనని అరవై రెండో పేజీలో ఉంది. చదివి వినిపించి ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. మొత్తం రాక్షససైన్యం జ్ఞానయ్య చేతికి వచ్చింది. అతను వాటిని అలమారలో పెట్టలేదు. పలక మీద కోటలోనే ఉంచి, తలుపు మూసే ఉంచాడు. ప్రతి ఆదివారం ఎదుటి కుర్చీ తుడిచేవాడు.

ఆగస్టులో ఒక ఉత్తరం వచ్చింది. మూటలన్నీ చేర్చాననీ, అసిరమ్మ కూతురి ఫోటో వాళ్ళకు నచ్చిందనీ, ఫిషింగ్ హార్బరులో ట్రాలర్ మీద ఇంజను పని దొరికిందనీ, కొన్నాళ్ళు చేసి వస్తాననీ రాశాడు. కింద చిన్న అక్షరాల్లో, రాక్షసుల్ని ఎండలో పెట్టొద్దు, రంగు పోతుంది అని ఉంది.

కన్నారావు 1979 మార్చి 17న, మూటలు దింపడానికి ఓడెక్కి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు.