కత్తిపీట సంధాన విజయము

స్వస్తిశ్రీ! అఖండగౌతమీతరంగశీకరశీతలమైన కొవ్వూరు రేవున, రెండువేల సంవత్సరము పుట్టుటకు రెండేండ్లు ముందు, ఆషాఢ శుద్ధ విదియనాడు, తాడు తెగిన లంగరుకు బదులుగా ధర్మపత్ని బేబీ యొక్క ఇనుప కత్తిపీటను వేరొక తాటికి కట్టి గోదావరిలోనికి విసరగా, దాని కాలు వంతెన స్తంభమునకు తగిలి విరిగినందున, మత్స్యజాలవిద్యావిశారదుడు పల్లంరాజునకు ఇంట ఘోరశిక్ష పడినది.

"అది మా అమ్మిచ్చిన పీటయ్యా! విరిచినవాడివి నువ్వే, అతకాల్సిందీ నువ్వే. అది నిలబడేదాకా ఈ ఇంట్లో చేప తెగదు, పులుసు ఉడకదు," అన్నది బేబీ.

పదునొకండు దినములు పప్పుచారుతో కృశించిన ఆ వీరుడు కాకినాడ చేరి, యంత్రస్వయంవరమండపమగు అప్పాజీగారి దుకాణమున, గజకాయమైన త్రీఫేజు వెల్డింగు మిషనుపై మనసు పారేసుకొనెను.

"అది మీ ఇంటి కరెంటుకి నడవదండి. కొత్తచేతికి ఈ సింగిల్ ఫేజుది చాలండి. సన్న రాడ్లు పట్టుకెళ్ళి, ముందు పాత ఇనుపముక్కల మీద చెయ్యి తిప్పండి," అని అప్పాజీగారు హితవు పలుకగా, వీరుడు నిట్టూర్చి చిన్నదానినే వరించెను.

అంతట నదీతేమ నంటిన రాడ్లను ఎండుచేపల సరసన ఎండబెట్టి, కరత్రాణములు తొడిగి, నల్లద్దపు డాలును వామహస్తమున ధరించి పల్లంరాజు ఇట్లు గర్జించెను: "ఓరీ లోహాధమా! గోదావరి వరదకు వెనుదీయని ఈ బాహువు నీ తునకల నేకము చేయకున్న, నేను మా అయ్యకు పుట్టినవాడనే కాను!"

గర్జన ముగియకముందే రాడ్డు సాధనకు పెట్టిన పాత ఇనుపముక్కకు అతుక్కొనిపోయెను. లాగెను, రాలేదు. పెనుగులాడి ఊడబెరికి మరల గీసెను, మరల అతుక్కొనెను. కరెంటు అమాంతము పెంచగా ఇనుమునకు రూపాయంత కన్నము పడెను. మూడు దినములు ఇదే పోరు. నాలుగవనాడు డాలు దించి, "నావల్ల కాదే బేబీ," అని కూలబడెను. నిజముగనే కన్నీళ్ళు వచ్చినవి.

వెల్డింగు మెరుపు చూడరాదని గోడవైపు తిరిగి కూర్చొని, చప్పుడు మాత్రమే వినుచున్న బేబీకి జాలి కలిగినది.

"నాకు వెల్డింగు తెలీదు గానయ్యా, వేపుడు తెలుసు. మొన్న రాడ్డు అతుక్కున్నప్పటి చప్పుడు నూనె కాగనప్పటి చప్పుడే. ఆ కరెంటు పెంచే చక్రం కాస్త తిప్పు." పల్లంరాజు తిప్పి గీసెను. "ఇప్పుడు మాడుతుంది, తగ్గించు. ఆఁ, ఇదీ! వేగుతుంది! చెయ్యి వణక్కుండా అలాగే నెమ్మదిగా లాక్కురా!"

చుయ్యిమను ఆ మంగళధ్వనిని చెవులనిండ నింపుకొని, చీకటిపడువరకు పాత ముక్కలపై సాధన చేసి, మరునాడు కత్తిపీట తుప్పు గీకి, బొటనవేలెడు అతుకు సాగించి, పైన గట్టిన పెంకును సుత్తితో రాల్చెను. అతుకు వానపామువలె వంకరపోయినది. బేబీ పీటపై పాదము మోపి బలముకొద్దీ నొక్కినది. కదలలేదు. ఇంకొకమారు నొక్కినది. లోపలికి పోయి, బొచ్చెచేపను తెచ్చి ఆ పీటమీదనే దాని తల కోసినది.

"పులుసులో చింతపండు ఎంతెయ్యమంటావు?"

ధవళేశ్వరము ఆనకట్ట మొదలు అంతర్వేది సముద్రమువరకు వసించు సమస్తజనులారా, వినుడు! పదునారు దినముల మహాసమరానంతరము బొటనవేలెడు ఇనుము జయింపబడినది. పల్లంరాజు ఈ పూట అన్నము రెండవమారు అడిగి పెట్టించుకొనెను!