దుంపల కేంద్రం గుమ్మంలో బురద

అనగనగా అనేంత పాతదేం కాదు, మొన్నటి ఎండాకాలం సంగతే. ఒక పెద్ద అడవిలో పంచాయతీవారు ఉచిత దుంపల కేంద్రం పెట్టారు. ఆకలైనవాళ్లు వచ్చి తినిపోవచ్చు.

అడవిపంది దంతయ్య పంచాయతీ సభ్యుడు. పూటకు మూడుసార్లు కేంద్రానికి వచ్చేవాడు, తనిఖీకి. ఆ ఎండల్లోనే ఏటికి అవతలి కొండ తగలబడి, ఎలుగుబంట్లు పిల్లాజెల్లాతో ఇటొచ్చాయి. వాటిని కేంద్రం దగ్గర చూసినప్పటి నుంచి దంతయ్యకు ముద్ద దిగడం లేదు. అంటే, రోజూ తినేదాంట్లో రెండు ముద్దలు తగ్గాయంతే.

"ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు మన దుంపలన్నీ మెక్కేస్తున్నారండీ!" అని సభలో గుండెలు బాదుకున్నాడు. "గుమ్మంలో తడిమట్టి పరవండి. అడుగులు చూస్తే బండారం బయటపడుతుంది. అప్పుడు వెళ్లగొడదాం."

అధ్యక్షుడు ఏనుగు సరేనన్నాడు.

మర్నాడు సాయంత్రం కార్యదర్శి కుందేలు మట్టి మీద వంగాడు. అడవిలో పుట్టినవాడికి అడుగులు చదవడం ఒకరు నేర్పాలా?

"ఎలుగుల అడుగులు చాలానే ఉన్నాయండి."

దంతయ్య మూతి ఎగరేశాడు.

"కానీ లోపలికెళ్లినవి లోతుగా ఉన్నాయి, బయటికొచ్చినవి తేలిగ్గా ఉన్నాయి. దుంపలు తవ్వి మోసుకొచ్చి, ఏదో కాస్త తిని పోతున్నారండి."

"మరి లోపలికి తేలిగ్గా వెళ్లి, బయటికి దిగబడుతూ వచ్చినవి?" అన్నాడు ఏనుగు.

కుందేలు దంతయ్య పొట్ట వైపు చూశాడు. మిగతా సభ్యులు గబగబా తమ పొట్టలు బిగబట్టారు.

దంతయ్య తడబడలేదు. "ఈ మట్టి ఎక్కడిది?"

"ఏటి ఒడ్డుదండి."

"ఏ ఒడ్డుది? అవతలిదేమో! వాళ్ల మట్టి వాళ్ల పక్షానే మాట్లాడుతుంది."

సభ్యులంతా అమ్మయ్య అనుకుని చప్పట్లు కొట్టారు. ఎలుగుల్ని అప్పటికప్పుడే ఏరు దాటించారు. "కాలిన కొండ మీద దీనికేం పెట్టను బాబూ?" అని తల్లి ఎలుగు నాగులమ్మ వీపు మీది పిల్లను చూపించి అడిగితే, అందరూ దుంపల వైపు తిరిగారు.

మర్నాడు కేంద్రంలో ఒక్క దుంప లేదు. తవ్వేవాళ్లుంటే కదా! ఎలుగులొచ్చాక ఇక్కడివాళ్లంతా తవ్వడం మానేశారు. దంతయ్య నేల పెళ్లగించడం మరిచిపోయి ఎన్నాళ్లయిందో. వారం పస్తుండి, డొక్కలు అంటుకుపోయి, చివరికి తనే ఏరు ఈదాడు. ఈలోగా అవతల నాలుగు చినుకులు పడి కొండ చిగురేసింది. నాగులమ్మ రెండు దుంపలు ముందు పెట్టింది.

అవి మింగి తలెత్తేసరికి, కుందేలు తడిసి ముద్దై ఒడ్డెక్కుతున్నాడు. దంతయ్యకు ఒళ్లు మండిపోయింది.

"నాగులమ్మక్కా! ఇలా వచ్చినవాడినల్లా రానిస్తే మన దుంపలేం మిగులుతాయి?"

నీతి: స్థానికుడు కావడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు, వెనకాల ఇంకొకడు వస్తే చాలు.